జర్మనీ ఎమ్మెస్: 4-1లో ఉన్నవాళ్లు ఏ కాగితం ఎప్పుడు మొదలుపెట్టాలి?

మానేరు_తీరం
అందరికీ నమస్తే. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద అటానమస్ కాలేజీలో ఈసీఈ, 4-1 (నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్) నడుస్తోంది. 3-2 వరకు సీజీపీఏ 7.4, బ్యాక్‌లాగ్స్ లేవు. వచ్చే అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి జర్మనీ పబ్లిక్ యూనివర్సిటీలకు అప్లై చేయాలనుకుంటున్నా. మస్తు కన్ఫ్యూజన్‌గా ఉంది. ఒకరు ఏపీఎస్ (సర్టిఫికెట్ల పరిశీలన) ముందంటారు, ఇంకొకరు ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష ముందంటారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు నా జర్మన్ గ్రేడ్ 2.3 అని రాసిచ్చారు, నేను వేస్తే 2.5 పైన వస్తోంది. ఏది కరెక్ట్? ఏది ముందు, ఏది వెనక?

ఫైలు_పంతులు
ముందు గ్రేడ్ సంగతి తేల్చుకోండి, ఏ యూనివర్సిటీలు పెట్టాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

వాళ్లు వాడేది మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా: 1 + 3 × (గరిష్ఠం − మీకొచ్చింది) ÷ (గరిష్ఠం − పాస్ మార్కు). జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడ్, 4.0 అంటే గట్టెక్కినట్టు. మీ విషయంలో గరిష్ఠం 10, వచ్చింది 7.4. తేడా అంతా పాస్ గ్రేడ్ పాయింటు దగ్గర వస్తుంది.

పాస్ 5 అనుకుంటే 1 + 3 × 2.6 ÷ 5 = 2.56.
పాస్ 4 అనుకుంటే 1 + 3 × 2.6 ÷ 6 = 2.3.

కన్సల్టెన్సీ వాళ్లు 4 వేశారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్స్‌లో పాసయ్యే చివరి గ్రేడ్ సి, దానికి 5 పాయింట్లు. మీది అటానమస్ కాబట్టి మీ కాలేజీ రెగ్యులేషన్స్‌లో ఏముందో అదే లెక్క. మీకు మీరే 4 అనుకుంటే సరిపోదు, అవతల వాళ్లు మీ మెమో చూసి లెక్క కడతారు. శాతంలోకి మార్చి చూసినా పెద్ద తేడా రాదు: (7.4 − 0.5) × 10 = 69 శాతం, పాస్ 40. 1 + 3 × 31 ÷ 60 = 2.55.

చాలా కోర్సులకు గీత 2.5 దగ్గర ఉంటుంది. కొన్ని చోట్ల రెండో దశాంశాన్ని వదిలేస్తారు, అప్పుడు మీ 2.56 కాస్తా 2.5 అవుతుంది. రౌండ్ చేసే చోట 2.6. దాని మీద ఆశ పెట్టుకోకండి, మార్కులు పెంచుకునే అవకాశం ఇంకా ఉంది. 2.5కి కావాల్సింది సరిగ్గా 7.5. సెమిస్టర్‌కి 20 క్రెడిట్ల చొప్పున 120 అయిపోయాయనుకుంటే మిగిలినవి 40. (7.5 × 160 − 7.4 × 120) ÷ 40 = 7.8. అంటే ఈ రెండు సెమిస్టర్లలో 7.8 సగటు తెచ్చుకోవాలి. 4-2లో ప్రాజెక్టుకి క్రెడిట్లు ఎక్కువ. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఊరికే బయట కొనుక్కొచ్చి పెట్టకండి.

కాకపోతే ఒక మెలిక. మీరు అప్లై చేసేనాటికి 4-1 మార్కులు మాత్రమే చేతిలో ఉంటాయి. అప్పటికల్లా 7.5 కావాలంటే 4-1లో ఎంత కావాలి? (7.5 × 140 − 888) ÷ 20 = 8.1. చేతికందని సంఖ్యేం కాదు.

ఎల్బే_ఒడ్డున
గ్రేడ్ ఒక్కటే చూసుకుని దిగితే బోల్తా పడతారు. రిజెక్షన్లలో చాలావాటికి కారణం సబ్జెక్టులు సరిపోలకపోవడం.

జర్మన్ యూనివర్సిటీ మీ బీటెక్‌ని పేరు చూసి తీసుకోదు. లోపల ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లు చదివారో చూస్తుంది. వాళ్ల కొలత ఈసీటీఎస్ అనే యూరప్ క్రెడిట్లు. సెమిస్టర్‌కి 30, నాలుగేళ్లకు 240. మన 160ని 240తో పోలిస్తే ఒక్కో క్రెడిట్ ఒకటిన్నర ఈసీటీఎస్ కింద వస్తుంది. ఇది అంచనా లెక్క, ప్రతిచోటా ఇదే పద్ధతి అని లేదు. కోర్సు పేజీలో అడ్మిషన్ రిక్వైర్‌మెంట్స్ తెరిస్తే గణితం ఇన్ని, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూలాంశాలు ఇన్ని, ప్రోగ్రామింగ్ ఇన్ని అని రాసి ఉంటుంది. ఆ పట్టిక తీసుకుని మీ సబ్జెక్టులను ఒక్కొక్కటిగా ఎదురుగా రాయండి. గణితం-1, గణితం-2, ప్రాబబిలిటీ కలిపితే ఎంత, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఏ గడిలోకి వస్తుంది, ఇలా. పదో పన్నెండో క్రెడిట్లు తగ్గితే కొన్నిచోట్ల షరతు పెట్టి తీసుకుంటారు. ముప్పై తగ్గితే అప్లికేషన్ ఫీజు బూడిదలో పోసినట్టే.

ఈసీఈ నుంచి కమ్యూనికేషన్స్, ఎంబెడెడ్, మైక్రోఎలక్ట్రానిక్స్‌కి దారి సాఫీగా ఉంటుంది. ఈసీఈ నుంచి డేటా సైన్స్‌కి దూకాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. అల్గారిథమ్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ మార్కుల మెమోలో కనిపించాలి. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా ఆ గడిలో సున్నాయే వేస్తారు.

చాలా కోర్సులు మాడ్యూల్ వివరాలు కూడా అడుగుతాయి. మీ రెగ్యులేషన్ సిలబస్ పీడీఎఫ్‌లోంచి మీరు చదివిన సబ్జెక్టుల పేజీలు మాత్రమే తీసి, సెమిస్టర్ వరుసలో పెట్టి, ముందు ఒక విషయసూచిక పెట్టండి. సబ్జెక్టు కోడ్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. మొత్తం సిలబస్ పుస్తకం 200 పేజీలు ఎక్కించేస్తే చదివేవాడికి ఓపిక ఉండదు.

రాగిముద్ద_రాయలసీమ
బ్రదర్ ఇక్కడే ఒక డౌట్. కాలేజీ అటానమస్ అయితే జర్మనీలో గుర్తింపు ఉంటాదా ఉండదా? మావాళ్లు భయపెడతా ఉండారు.

ఫైలు_పంతులు
@రాగిముద్ద_రాయలసీమ డిగ్రీ ఇచ్చేది ఎవరన్నదే లెక్క. అనాబిన్ అని వాళ్ల డేటాబేస్ ఉంది. దాంట్లో ఇండియా ఎంచుకుని మీ డిగ్రీ మీద ఉన్న యూనివర్సిటీ పేరు వెతకండి. పక్కన హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. అటానమస్ కాలేజీ మెమోలు తానే ఇచ్చుకున్నా పట్టా జేఎన్‌టీయూదే కదా, కాబట్టి జేఎన్‌టీయూ కింద చూడాలి. ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల వాళ్లు మాత్రం తప్పకుండా తమ పేరునే వెతుక్కోవాలి.

ఫైలు_పంతులు
ఇక అసలు ప్రశ్న, ఏది ముందు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు పాస్‌పోర్టూ పదో తరగతి మెమో పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి. మన రాష్ట్రాల వాళ్ల ఫైళ్లలో తగాదా అంతా ఇంటిపేరు దగ్గరే. ఎస్సెస్సీ మెమోలో పొడి అక్షరంతో ఉంటుంది, ఇంటర్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది. చదివే జర్మన్ అధికారికి ఇవి ముగ్గురు మనుషులు.

వరస తేడా ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. పొడి అక్షరాలకీ పూర్తి పేరుకీ తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఇంగ్లీషులో చేయించి, ప్రతిచోటా సర్టిఫికెట్లతో పాటు జతచేయండి. అక్షరం తేడా ఉంటే, అంటే ఒకచోట ‘సాయి’కి చివర వై, ఇంకోచోట ఐ ఉంటే, పాస్‌పోర్టు సరిచేయించుకోవడమే మేలు. ఆ పని ఏపీఎస్‌కి ముందే జరగాలి. అడ్మిషన్ వచ్చాక పాస్‌పోర్టు మారితే నంబరూ మారుతుంది, లెటర్లన్నీ పాతదాని మీదే ఉంటాయి, తల ప్రాణం తోకకొస్తుంది.

అన్ని పోర్టళ్లలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఆ వరసలోనే నింపండి. ఐఈఎల్‌టీఎస్ రిజిస్ట్రేషన్ కూడా అలాగే.

ఎల్బే_ఒడ్డున
పేరు సరిపోయాక ఏపీఎస్. 2022 నవంబరు 1 నుంచి ఇండియాలో చదివినవాళ్ల స్టూడెంట్ వీసాకి ఇది తప్పనిసరి. ఢిల్లీలోని వాళ్ల ఆఫీసు మీ సర్టిఫికెట్లు అసలైనవో కాదో, జర్మనీలో చదవడానికి మీకు అర్హత ఉందో లేదో చూసి ఒక పత్రం ఇస్తుంది. ఫీజు రూ. 18,000, తిరిగి రాదు. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసి, ఫారం ప్రింట్ తీసి సంతకం పెట్టి, జిరాక్సులతో ఢిల్లీకి కొరియర్ చేయాలి. ఒరిజినల్స్ పొరపాటున కూడా పంపకండి.

ఫైనలియర్‌లో ఉన్నా, అప్పటివరకు వచ్చిన మెమోలతో వేయొచ్చు. ఆలస్యాలు ఎక్కడ జరుగుతాయంటే: సంతకం మర్చిపోవడం, ఫీజు కట్టిన బ్యాంకు రిఫరెన్స్‌లో అభ్యర్థి పేరు లేకపోవడం, నాన్న ఖాతా నుంచి పంపి ఆ రసీదు జతచేయకపోవడం, తప్పిన సబ్జెక్టుల మెమోలు దాచేయడం. సప్లిమెంటరీ రాసిన మెమోలు కూడా అన్నీ పెట్టాలి. జర్మనీ వాళ్లకు బ్యాక్‌లాగ్ పెద్ద నేరం కాదు. దాచారన్న అనుమానం వస్తేనే ఇబ్బంది, అప్పుడు ఇంటర్వ్యూకి పిలవొచ్చు.

కొన్ని వారాల్లో వస్తుంది, సీజన్‌లో ఇంకా ఆలస్యమవుతుంది. మే, జూన్‌లో అందరూ ఒకేసారి ఎగబడతారు. కాబట్టి ఈ నవంబరు, డిసెంబరులోనే వేసేయండి. పీహెచ్‌డీ వాళ్లకీ, కొద్దినెలల ఎక్స్‌ఛేంజ్ వాళ్లకీ మినహాయింపులున్నాయి, మీకు సంబంధం లేదు.

అమీర్‌పేట_చౌరస్తా
కన్సల్టెన్సీ గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే ఆ 2.3 ఊరికే వేయలేదు.

లెక్క తీపిగా చూపిస్తే మీరు సంతకం పెడతారు. తర్వాత పబ్లిక్ యూనివర్సిటీల్లో ఒకటి రెండు రిజెక్ట్ అయ్యాక, ‘ప్రైవేటులో గ్యారంటీ సీటు ఉంది’ అంటారు. అక్కడ ఫీజు ఏడాదికి పదివేల యూరోలు దాటేవి ఉన్నాయి, కన్సల్టెన్సీకి కమీషన్ వచ్చేదీ అక్కడి నుంచే. పబ్లిక్ యూనివర్సిటీ వీళ్లకి పైసా ఇవ్వదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే వాళ్ల సలహాలన్నీ అర్థమవుతాయి.

కన్సల్టెన్సీకి వెళ్లినా సరే, పోర్టల్ లాగిన్లు మీ ఈమెయిల్‌తోనే, మీ ఫోన్ నంబర్‌తోనే ఉండాలి. వాళ్ల మెయిల్‌తో అకౌంట్ తెరిస్తే అడ్మిషన్ లెటర్ ముందు వాళ్ల చేతికెళ్తుంది, బాకీ కట్టేదాకా మీ చేతికి రాదు. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకో మీరు రాసుకునే వ్యాసం) కూడా వాళ్లతో రాయించకండి. ఒకే పేరాలు పేర్లు మార్చి ముప్పై మందికి పెడతారు. అన్నీ ఒకే టేబుల్ మీదకి చేరతాయని మరిచిపోతారు.

మానేరు_తీరం
అర్థమైంది అన్నా, లాగిన్ నాదే పెట్టుకుంటా. యూని అసిస్ట్, వీపీడీ ఒకటేనా? డెడ్‌లైన్ అన్నిటికీ జులై 15 అంటున్నరు, నిజమేనా?

ఫైలు_పంతులు
రెండిటికీ కాదు అనే సమాధానం.

యూని అసిస్ట్ అనేది చాలా యూనివర్సిటీల తరఫున విదేశీ అప్లికేషన్లు పరిశీలించే సంస్థ. ఒక సెమిస్టర్‌లో మొదటి కోర్సుకి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. ఆరు కోర్సులు పెడితే 75 + 5 × 30 = 225 యూరోలు. డబ్బు వాళ్ల ఖాతాకి చేరేదాకా ఫైలు తెరవరు. కార్డుతో కడితే త్వరగా తేలుతుంది.

ఇందులో రెండు రకాలు. కొన్ని యూనివర్సిటీలకు యూని అసిస్టే అప్లికేషన్‌ని నేరుగా చేరవేస్తుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ (టీయూఎం) లాంటి చోట మాత్రం యూని అసిస్ట్ నుంచి వీపీడీ అనే పరిశీలన పత్రం తెచ్చుకుని, దాన్ని యూనివర్సిటీ సొంత పోర్టల్‌లో మీరే ఎక్కించాలి. వీపీడీ వచ్చిందంటే సీటు వచ్చిందని కాదు. మీ డిగ్రీకి అర్హత ఉంది, మీ జర్మన్ గ్రేడ్ ఇంత అని చెప్పే కాగితం మాత్రమే. ఒక యూనివర్సిటీకని తీసుకున్నది ఇంకోదానికి చెల్లుతుందని అనుకోకండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. డెడ్‌లైన్‌కి ఎనిమిది వారాల ముందే పంపమని యూని అసిస్టే చెబుతుంది.

ఇక తేదీలు. జులై 15 ఎక్కువ చోట్ల వినిపించే తేదీ, అంతే. ఆఖెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ యూనివర్సిటీకి యూరప్ బయటివాళ్లు మార్చి 1 లోపు వేయాలి. టీయూఎంలో చాలా మాస్టర్స్ కోర్సులకు మే 31. జులై 15ని నమ్ముకుని కూర్చుంటే ఈ రెండూ చేజారిపోతాయి. మీ ఎనిమిది పది కోర్సులను డీఏఏడీ (జర్మనీ విద్యార్థి మార్పిడి సంస్థ) డేటాబేస్‌లో వెతికి, ఆ తర్వాత యూనివర్సిటీ సొంత పేజీలో తేదీ సరిచూసుకుని ఒక షీట్‌లో పెట్టండి. డీఏఏడీలో తేదీకీ యూనివర్సిటీ పేజీలో తేదీకీ తేడా ఉంటే యూనివర్సిటీదే నమ్మండి.

ఈ తేదీల నుంచి వెనక్కి లెక్కేస్తే మీ వరస ఇలా వస్తుంది. ఇప్పుడే పేరు సరిచూసుకోవడం. నవంబరులో ఐఈఎల్‌టీఎస్, ఏపీఎస్ రెండూ. డిసెంబరు, జనవరిలో సబ్జెక్టుల పట్టిక, ఎస్‌ఓపీ, ఇద్దరు ప్రొఫెసర్ల లెటర్లు. 4-1 రిజల్ట్ రాగానే ఫిబ్రవరిలో మొదటి విడత.

ఎల్బే_ఒడ్డున
చిన్న చేర్పులు.

ఐఈఎల్‌టీఎస్‌లో ఎక్కువ కోర్సులకు 6.5 చాలు, రెండేళ్లు చెల్లుతుంది. ఇంగ్లీష్ మీడియం అని కాలేజీ ఇచ్చే లెటర్ కొన్నిచోట్ల తీసుకుంటారు, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడితే మీ లిస్టు సగానికి సగం తగ్గిపోతుంది. కొన్ని సాంకేతిక కోర్సులకు భారతీయుల దగ్గర జీఆర్‌ఈ పరీక్ష స్కోరు కూడా అడుగుతారు, ఆ మాట కోర్సు పేజీలో లోపలెక్కడో ఉంటుంది.

ఫీజుల సంగతి కూడా మారింది. జర్మనీ అంతా ఉచితం అన్న మాట పాతది. బాడెన్ వూర్టెంబర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, ఫ్రైబుర్గ్ వైపు, 2017 వింటర్ నుంచి యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. టీయూఎంలో 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి కోర్సును బట్టి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000. మిగతా పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావరకు సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే చిన్న రుసుము మాత్రమే ఉంటుంది. షీట్‌లో ఇదొక కాలమ్ పెట్టుకోండి.

ఇంకోటి. టీయూ పేరున్న పెద్ద యూనివర్సిటీలే కాదు, హోహ్‌షూలే అని అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. పరిశ్రమతో దగ్గరి సంబంధం, చిన్న క్లాసులు. 2.5, 2.6 గ్రేడ్ ఉన్నవాళ్లు సగం అప్లికేషన్లయినా అటు పెట్టుకోవాలి. పేరుకి మనూళ్లో ఎవరికీ తెలియకపోవచ్చు, డిగ్రీ మాత్రం అదే మాస్టర్స్.

అమ్మాయి_తండ్రి
నమస్కారమండి. మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఇంటర్ కాగానే అక్కడ బ్యాచిలర్స్‌కి పంపొచ్చా? ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వస్తుందని లెక్చరర్లు అంటున్నారు.

ఫైలు_పంతులు
@అమ్మాయి_తండ్రి గారూ, ఈఏపీసెట్ ర్యాంకు జర్మనీలో లెక్కలోకి రాదండి. ఇంటర్ తర్వాత నేరుగా వెళ్లడానికి సాధారణంగా రెండు దారులు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత, లేదా ఇక్కడ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో సంబంధిత డిగ్రీ ఒక ఏడాది పూర్తిగా పాస్ కావడం. రెండూ లేకపోతే స్టూడియన్‌కొల్లెగ్ అని అక్కడ రెండు సెమిస్టర్ల ప్రిపరేటరీ కోర్సు, చివర పరీక్ష. దానికి ప్రవేశ పరీక్షే జర్మన్‌లో ఉంటుంది, బీ1 నుంచి బీ2 స్థాయి ఉండాలి.

ఇక్కడ బీటెక్ మొదటి ఏడాది చేరుస్తూ, పక్కన హైదరాబాద్ గోయెథె సెంట్రమ్ లాంటి చోట భాష మొదలుపెట్టించడం ఎక్కువమందికి సరిపడే పద్ధతి. పదిహేడేళ్లకే పంపితే మైనర్ కాబట్టి వీసాకి తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు, అక్కడ గది అద్దెకు సంతకం, అన్నిటికీ ఇబ్బందే.

అమ్మాయి_తండ్రి
ధన్యవాదాలండి. ఏడాది ఆగడమే నయమనిపిస్తోంది. బ్లాక్డ్ అకౌంట్ అంటే ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలి? లోన్ శాంక్షన్ లెటర్ చూపిస్తే సరిపోదా?

పాస్‌బుక్కు
డబ్బు సంగతి నేను చెబుతా.

బ్లాక్డ్ అకౌంట్ అంటే అక్కడి ఖర్చులకు డబ్బుందని వీసాకి చూపే ఖాతా. 2024 సెప్టెంబరు 1 నుంచి ఏడాదికి 11,904 యూరోలు, నెలకు 992. డబ్బంతా ముందే జర్మనీ ఖాతాలో పడాలి, మీరక్కడికి చేరాక నెలకింత అని విడుదల చేస్తారు. ఎక్స్‌పాట్రియో, ఫింటిబా, కొరాకిల్ లాంటి సంస్థలు ఆన్‌లైన్‌లోనే తెరుస్తాయి. ఈ మొత్తం అప్పుడప్పుడూ పెంచుతుంటారు, కాబట్టి వేసే రోజు జర్మన్ ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

శాంక్షన్ లెటర్ ఒక్కటే సరిపోదు. లోన్ డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లోకి చేరాలి. బ్రాంచిలో తగువు ఇక్కడే. అమెరికా ఫైళ్లకు అలవాటుపడ్డ మేనేజరు, ‘జీవన ఖర్చులు సెమిస్టర్‌కి ఇంత అనే ఇస్తాం, ఒకేసారి ఇవ్వం’ అంటాడు. అందుకే అప్లికేషన్ రోజే బ్లాక్డ్ అకౌంట్ అన్న మాట శాంక్షన్ లెటర్‌లో రాయించుకోండి. శాంక్షన్ అయ్యాక మార్పించాలంటే ఫైలు మళ్లీ పైకెళ్లి రావాలి.

ఇప్పుడు టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి ఒక పాన్ మీద విదేశాలకు పంపే సొమ్ములో 10 లక్షల దాకా టీసీఎస్ లేదు. యూరో వంద రూపాయలు అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. 11,904 యూరోలు అంటే 11,90,400. పది లక్షల పైన ఉన్నది 1,90,400. చదువు కోసమని పంపితే 2025-26లో దానిమీద 5 శాతం ఉండేది, అంటే 9,520. అదే బ్యాంకులో ఎవరో తొందరలో వేరే పర్పస్ కోడ్ కొట్టేస్తే 20 శాతం, 38,080. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో చదువుకి సంబంధించిన కోడ్ ఎస్0305 ఉందో లేదో సంతకానికి ముందు చూసుకోండి. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ సొమ్ము అయితే టీసీఎస్ అసలే లేదు. ఇది 2025-26 లెక్క, బడ్జెట్‌లో మారుతుంటుంది.

కట్ అయిన టీసీఎస్ పోయినట్టు కాదు. ఎవరి పాన్ మీద పంపారో వాళ్లు రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. నాన్న పంపితే నాన్న రిటర్న్‌లోనే, పిల్లవాడి రిటర్న్‌లో కాదు.

అన్నిటికన్నా చిన్న తప్పు, ఎక్కువమంది చేసేది: సరిగ్గా 11,904 పంపడం. మధ్యలో కరెస్పాండెంట్ బ్యాంకు పది ఇరవై యూరోలు కోసుకుంటుంది, అవతల 11,886 పడుతుంది, కన్ఫర్మేషన్ రాదు. ఛార్జీలన్నీ పంపేవారే భరించేలా ‘అవర్’ అనే ఆప్షన్ ఎంచుకోండి. అయినా ఆ సంస్థ ఫీజుకి తోడు ఓ వంద యూరోలు ఎక్కువ పంపండి. మిగిలింది తర్వాత మీకే వస్తుంది. రిఫరెన్స్ నంబరు స్విఫ్ట్ మెసేజ్‌లో పడిందో లేదో కాపీ తీసుకుని చూడండి.

రాగిముద్ద_రాయలసీమ
జర్మనీలో మా చిన్నాయన ఉండాడు, ఆయన పూచీ ఇస్తే ఈ ఖాతా గొడవ తప్పుతాదా?

పాస్‌బుక్కు
@రాగిముద్ద_రాయలసీమ తప్పుతుంది. ఆయన ఉండే ఊళ్లో విదేశీయుల ఆఫీసుకి వెళ్లి, జీతం కాగితాలు చూపించి, హామీపత్రం తీసుకోవాలి. తెల్లకాగితం మీద రాసిచ్చే ఉత్తరం చెల్లదు. అక్కడ మీ జీవన ఖర్చులకి చట్టప్రకారం ఆయనే బాధ్యుడవుతాడు, అది తెలిసే అడగండి.

అమీర్‌పేట_చౌరస్తా
చిన్నాయనతో పాటు పిన్నిని కూడా అడగండి. ఇంట్లో రేపటి రోజు మాటలు ఆవిడవే :)

మానేరు_తీరం
వీసా గురించి కూడా చెప్పండి. అడ్మిట్ ఆగస్టులో వస్తే అక్టోబరుకి చేరుకోగలనా?

ఎల్బే_ఒడ్డున
కష్టమే, కానీ దారి ఉంది. వీసాకి ఆరు నుంచి పన్నెండు వారాలు పెట్టుకోండి. ఆగస్టు 10న లెటర్ వచ్చి, 25న ఫైలు పడితే, అక్టోబరు మొదటివారం నుంచి నవంబరు మధ్య దాకా ఎప్పుడైనా రావచ్చు. అందుకే మొదటి విడత అప్లికేషన్లు మార్చి, మే డెడ్‌లైన్లకే పెట్టమనేది. ఆలస్యమయ్యేలా ఉంటే అడ్మిషన్ ఆఫీసుకి రాసి, లేట్ ఎన్‌రోల్‌మెంట్‌కి చివరి తేదీ ఏదో మెయిల్‌లో అడిగి పెట్టుకోండి. కొన్నిచోట్ల సీటు తర్వాతి సెమిస్టర్‌కి మారుస్తారు, కొన్నిచోట్ల మళ్లీ అప్లై చేయాల్సిందే.

వీసా అప్లికేషన్ కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో నింపి, తర్వాత బయోమెట్రిక్స్‌కి సెంటర్‌కి వెళ్లడం. ఫీజు 75 యూరోలు. కావాల్సినవి: అడ్మిషన్ లెటర్, ఏపీఎస్, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్, ఐఈఎల్‌టీఎస్, మార్కుల మెమోలు, సీవీ, మోటివేషన్ లెటర్. ఈ చివరిదాన్ని యూనివర్సిటీకి రాసిన ఎస్‌ఓపీకి నకలుగా పెట్టకండి. అక్కడ అడిగేది వేరు: ఈ కోర్సే ఎందుకు, మీ బీటెక్‌కి దీనికీ లింకేమిటి, గ్యాప్ ఉంటే ఆ రోజుల్లో ఏం చేశారు, చదువయ్యాక ఏం చేస్తారు.

ఇంకో ముఖ్యమైన మార్పు. ఇదివరకు వీసా తిరస్కరిస్తే రెమాన్‌స్ట్రేషన్ అని ఉచితంగా మళ్లీ పరిశీలించమని అడిగే వీలుండేది. 2025 జులై 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు తిరస్కరిస్తే కొత్తగా అప్లై చేయడమో, జర్మనీలో కోర్టుకి వెళ్లడమో. పాత వీడియోలు చూసి ‘ఒక లెటర్ రాస్తే సరిపోతుంది’ అనుకోకండి.

ఫైలు_పంతులు
ఇన్సూరెన్స్ దగ్గర ఆగండి, చవకగా ఉందని చాలామంది ఇరుక్కునేది ఇందులోనే. 30 ఏళ్ల లోపు వాళ్లకు టీకే, ఏఓకే, బార్మర్ లాంటి పబ్లిక్ సంస్థల్లో స్టూడెంట్ రేటు ఉంటుంది, నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు. ప్రైవేటు ప్యాకేజీ నలభై యాభైకి కనిపిస్తుంది. అది తీసుకుని పబ్లిక్ నుంచి మినహాయింపు రాయించుకుంటే, ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రావడానికి ఉండదు. పెద్ద వైద్యం అవసరమైతే ఆ నలభై యూరోల విలువ తెలుస్తుంది. వీసాకని, ఎన్‌రోల్‌మెంట్ దాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం వేరే సంగతి, అది మామూలే.

రాగిముద్ద_రాయలసీమ
ఆడ పార్ట్‌టైమ్‌తో ఖర్చులు ఎల్లిపోతాయా? ఏజెంట్లు లెక్కలు చెప్తా ఉండారు.

అమీర్‌పేట_చౌరస్తా
2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. చట్టం ఇచ్చేది అవకాశం, ఉద్యోగం కాదు. మొదటి సెమిస్టర్‌లో చేతికి పైసా రాదనుకుని బడ్జెట్ వేసుకోండి. జర్మన్ రానివాళ్లకు దొరికేది గిడ్డంగిలోనో డెలివరీలోనో, అదీ పోటీగా. చదువుకి తగిన వర్క్‌స్టూడెంట్ పని కావాలన్నా, తర్వాత ఉద్యోగం కావాలన్నా బీ1 జర్మన్ లేకపోతే తలుపులు సగం మూసే ఉంటాయి. కోర్సు ఇంగ్లీషులో ఉంటుంది సరే, రోజూ ఆఫీసులో మాట్లాడేది ఇంగ్లీషు కాదు. ఏ1, ఏ2 ఇక్కడే పూర్తిచేసుకుని వెళ్లండి, ఇక్కడ సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, అక్కడ ఉండవు.

ఎల్బే_ఒడ్డున
హాస్టల్ గురించి ఎవరూ అడగలేదు, అడగాల్సింది. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టుడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ హాస్టల్‌కి వేయండి, కొన్ని ఊళ్లలో లెటర్ రాకముందే క్యూలో చేరనిస్తారు. మ్యూనిక్‌లో నెలలు పడుతుంది. గది చూడకుండా, ఒప్పందం లేకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపొద్దు. ‘ఓనరు ఊళ్లో లేడు, తాళం కొరియర్లో పంపుతా’ అంటే అది మోసమే. చేరాక చిరునామా నమోదుకి రెండు వారాలు గడువు. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన పత్రం కావాలి, ఆ పత్రం ఇవ్వనన్న గది చవకైనా వద్దు.

మానేరు_తీరం
అందరికీ థ్యాంక్స్. షీట్ మొదలుపెట్టిన, మార్చి 1 వాటికి రెండు, మే 31కి రెండు, మిగతా నాలుగు జులై 15వి, అందులో మూడు హోహ్‌షూలేలు. ఒక్క చివరి ప్రశ్న. మా కాలేజీ సెమిస్టర్ మెమో వెనుక పక్క ఖాళీ, గ్రేడ్ స్కేల్ ఏం లేదు. స్కాన్ చేయాలా వద్దా? కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ కూడా తీసుకోవాలా?

ఫైలు_పంతులు
వెనుక ఖాళీ అయితే స్కాన్ అక్కర్లేదు. కానీ స్కేల్ ఎక్కడా లేకపోతే పాస్ పాయింటు వాళ్లే ఊహించుకోవాల్సి వస్తుంది, అది మీకు అనుకూలంగా ఉంటుందన్న నమ్మకం లేదు. మీ రెగ్యులేషన్ పుస్తకంలో గ్రేడ్ల పట్టిక ఉన్న పేజీ, సీజీపీఏని శాతంలోకి మార్చే పేజీ, ముందు అట్ట పేజీ, ఈ మూడూ తీసి ఎగ్జామినేషన్ బ్రాంచిలో స్టాంపు, సంతకం వేయించుకోండి. కలర్‌లో స్కాన్ చేసి మెమోలున్న పీడీఎఫ్‌లోనే చివర కలపండి, విడి ఫైలుగా పెట్టకండి, పక్కన పడిపోతుంది.

ట్రాన్‌స్క్రిప్ట్స్ కోర్సు పేజీలో ప్రత్యేకంగా అడిగితే తప్ప వద్దు. జర్మనీకి సెమిస్టర్ మెమోలు, తర్వాత కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ చాలు. 4-2 రిజల్ట్ వచ్చిన వారంలోనే ప్రొవిజనల్‌కి అప్లై చేయండి. ఎన్‌రోల్‌మెంట్ దగ్గర అడిగేది దాన్నే.

మానేరు_తీరం
ఎగ్జామినేషన్ బ్రాంచి సోమవారం తెరుస్తరు, పట్టిక పేజీలు ఈ రాత్రికే ప్రింట్ తీసి పెడతా.